కాకినాడ కాజాల సంవత్సరాంతపు లెక్క

కాకినాడ,
2024 నవంబరు 10, ఆదివారం.

చిరంజీవి అమ్మలును నాన్న ఆశీర్వదించి రాయునది. మేమిక్కడ క్షేమం. నువ్వక్కడ క్షేమమని తలుస్తున్నాను. తలవడమే తప్ప తెలుసుకునే మార్గం ఈ నలభై రోజులుగా లేదు కనుక, ఉత్తరాల్లో అలవాటుగా రాసే ఆ మాటను ఈసారి ఆలోచించి రాశాను.

నిన్ను నిలదీయడానికి కూర్చుని రాస్తున్న ఉత్తరం కాదిది. ముప్పై నాలుగేళ్ళు సహకార సంఘాల పుస్తకాలు తనిఖీ చేసినవాడికి ఏ ఖాతానైనా మూయకుండా వదిలేస్తే నిద్ర పట్టదని నీకు తెలుసు. సీజన్ ముగిసి ఆరు వారాలు కావస్తున్నా అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ళను ఉత్తుత్తి డబ్బుతో వేలంలో కొని, వాళ్ళు నిజం ఆటల్లో చేసిన అంకెలతో పోటీపడే మన కాగితపు జట్టు కాకినాడ కాజాల జమాఖర్చులు ఎవరూ చూడలేదు. కాబట్టి ఆ సంవత్సరాంతపు లెక్క నేనే చూసి నీకు పంపుదామనుకున్నాను. ఫోనులో చెప్పదగిన సంగతే. నువ్వు ఫోను ఎత్తితే కదా. సరే, దాన్ని పక్కన పెడదాం. మేడ మీది అబ్బాయి ఈ కాగితాలను ఫొటోలు తీసి నీకు పంపుతాడు, అసలు కాగితాలు పార్సెల్‌లో వస్తాయి.

ముందు తుది పట్టిక. పన్నెండు జట్లు, పది విభాగాలు, ఒక్కో విభాగంలో మొదటి జట్టుకు 12 పాయింట్లు, చివరి జట్టుకు 1, వెరసి ఎవరికైనా దక్కగలిగిన గరిష్ఠం 120. మీ ఆఫీసులోని ఆ పొడుగాటి పెద్దమనిషికి 92 వచ్చాయి. మనకు 91.5. పరుగులలోనూ, మన సిక్సర్ల లాంటి హోమ్ రన్లలోనూ మనం పైన ఉన్నాం, స్టీళ్ళలో, అంటే బంతి వేసేవాడి కన్నుగప్పి తర్వాతి బేస్‌కు పరుగెత్తడంలో మాత్రం, మన అకూన్యా దెబ్బ తగిలి తప్పుకున్నాక అడుగుకు జారిపోయి మళ్ళీ తేరుకోలేదు. ఆర్‌బీఐ విభాగంలో, అంటే బ్యాటర్ తన దెబ్బతో చేయించిన పరుగుల లెక్కలో, మూడో స్థానం. ఆ మూడక్షరాలు మొదటిసారి నీ తెర మీద చూసినప్పుడు రిజర్వు బ్యాంకుకూ ఈ ఆటకూ ఏమిటి సంబంధమని నేనడిగితే, నువ్వూ మీ అమ్మా నవ్విన నవ్వు నాకింకా వినబడుతూనే ఉంది. నీ నవ్వు వినబడి చాలా రోజులైంది కాబట్టి ఆ పాత నవ్వునే గుర్తు చేసుకుంటున్నాను.

ఈ ఆట నాకు ఇంత తొందరగా పట్టుబడడానికి కారణం నా తెలివి కాదు, పాత స్కోరు పుస్తకాల అలవాటు. రంగరాయ కాలేజీ మైదానంలో ఆదివారం మ్యాచ్‌లకు నేను స్కోరు రాస్తుంటే, పక్కన కూర్చుని చుక్కలు లెక్కపెట్టినదానివి నువ్వు. బేస్‌బాల్‌లో బాక్స్ స్కోరును, అంటే ఆటనంతా కుదించి చెప్పే అంకెల పట్టికను, తీర్చిదిద్దిన హెన్రీ చాడ్విక్ అనే ఆయన ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో మొదట క్రికెట్ వార్తలు రాసి, ఆ తర్వాత ఇటు వచ్చినవాడని నువ్వు చెప్పిన రోజున నాకు బంధువెవరో దొరికినట్టనిపించింది. బంతి వేసే పిచర్ మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ను ఔట్ చేసే స్ట్రైకౌట్‌కు కె అనే అక్షరం పెట్టింది కూడా ఆయనేనట. ఆయన పుట్టి ఈ అక్టోబరుకు సరిగ్గా 200 ఏళ్ళు. ఈ సంగతి నీకు మెసేజ్ పెట్టాను. దాని పక్కన రెండు నీలం గీతలు వచ్చాయి కానీ జవాబు రాలేదు. చదివావన్నమాట, అంతవరకు సంతోషం.

రాజమండ్రి పిన్ని నాగులచవితి నాడు పుట్టలో పాలు పోసి వచ్చి, తడి చీరతోనే మీ అమ్మకు ఫోను చేసింది. డల్లాస్‌లోని చిట్టిబాబు ఆమెతో ఏదో అన్నాడట. అక్క ఆ బేస్‌బాల్ పందెంలో బాగా డబ్బు పోగొట్టుకుందనీ, అందుకే ఎవరి ఫోనూ ఎత్తడం లేదనీ దాని సారాంశం. చిట్టిబాబు మాట ఎంత నమ్మదగినదో మనకు తెలియనిది కాదు, బొమ్మూరు పెళ్ళిలో వాడు చేసిన నిర్వాకం మీ అమ్మ ఇంకా మరిచిపోలేదు. నేను కూడా ఆ మాటను పట్టించుకోలేదు. పట్టించుకోలేదు కనుకనే ఐదు రోజులు ఆగి, తీరిగ్గా ఈ లెక్క రాస్తున్నాను.

మార్చి 23న, నీకు రాత్రి, మాకు ఆదివారం తెల్లవారుజామున జరిగిన వేలం దగ్గర మొదలుపెడతాను. జట్టుకు 260 డాలర్ల ఉత్తుత్తి డబ్బు, 23 మంది ఆటగాళ్ళు. రోనాల్డ్ అకూన్యాకు 49, పిచర్ స్పెన్సర్ స్ట్రైడర్‌కు 36, ఆరన్ జడ్జ్‌కు 38 పెట్టి, ముగ్గురికే 123 ఖర్చు చేసి, మిగతా ఇరవై మందినీ 137తో సర్దుకున్నాం. ఉన్న నగలన్నీ ఒక్క కూతురికే పెట్టి మిగతా పిల్లలకు పసుపుతాడు కట్టినట్టుందని మీ అమ్మ అప్పుడే అంది. అయినా ఆ రోజు తెలిసిన సమాచారాన్నిబట్టి చూస్తే నీ నిర్ణయంలో ఆడిట్ అభ్యంతరం ఏదీ లేదు. అంతకుముందు సంవత్సరం 41 హోమ్ రన్లు కొట్టి 73 స్టీళ్ళు చేసినవాడు అకూన్యా. ఒకే సీజన్‌లో 40 హోమ్ రన్లు, 70 స్టీళ్ళు అంతకుముందు ఎవరూ చేయలేదు. అతణ్ణి కాకపోతే ఎవరిని కొంటాం?

స్ట్రైడర్ రెండే రెండు ఆటలు వేసి మోచేతికి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. ఏప్రిల్ మధ్యలో ఆ వార్త వచ్చేసరికి మేము ఇంకా ప్రయాణపు సూట్‌కేసులు తూకం వేసుకుంటున్నాం. జడ్జ్ ఏప్రిల్ నెలంతా .200 బ్యాటింగ్ సగటు చుట్టుపక్కలే తచ్చాడుతుంటే, వాణ్ణి అమ్మేయమని పిట్స్‌బర్గ్‌లో దిగిన మొదటి వారంలోనే నేను రోజుకు రెండుసార్లు చెప్పాను. నువ్వు వినలేదు. ఒక నెలను చూసి మనిషిని తూచకు నాన్నా అన్నావు. వాడు 58 హోమ్ రన్లు, 144 ఆర్‌బీఐలు, .322 సగటుతో సీజన్ ముగించాడు. ఈ పద్దులో తప్పు నాది, ఒప్పు నీది. ఇక్కడే రాసి పెడుతున్నాను, ఎందుకంటే కింద ఇంకొక పద్దు ఉంది.

మే 26 సంగతి నేను వివరంగా రాసుకోవాలి. నీకు తెలిసినదే అయినా, నా వైపు నుంచి ఎప్పుడూ చెప్పలేదు.

అది ఆదివారం. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి పొద్దున్నే వెళ్ళి, మీ అమ్మ పులిహోరనూ గుడి ప్రసాదాన్నీ మీ పిట్స్‌బర్గ్ బేస్‌బాల్ మైదానం వాళ్ళు ఒప్పుకునే పారదర్శకపు సంచిలో సర్దుకుని, పసుపు రంగు క్లెమెంటే వంతెన మీదుగా నడిచి పీఎన్‌సీ పార్కుకు చేరుకున్నాం. వంతెన మధ్యలో మీ అమ్మ ఆగి, కింద పారే అలెగెనీ నదినీ, దూరాన అది మొనాంగహీలాతో కలిసి ఒహాయోగా మారే చోటునీ చూసి, ఇది కూడా సంగమమే కాబట్టి స్నానం చేయకపోయినా చేయెత్తి ఓ దండం పెట్టమంది. పెట్టాను. నువ్వు ఎవరైనా చూస్తారేమోనని రెండడుగులు ముందుకు నడిచావు. ఆ రోజు మన అకూన్యా ఎదుటి జట్టు అట్లాంటా తరఫున వస్తున్నాడు. సొంత ఊరి జట్టు గెలవాలనీ, మన 49 డాలర్ల మనిషి మాత్రం బాగా ఆడాలనీ ఒకేసారి కోరుకోవడం ఎలాగో నువ్వు నాకు దారి పొడుగునా నేర్పించావు. అది పుట్టింటినీ అత్తింటినీ ఒకేసారి వెనకేసుకురావడం లాంటిదని మీ అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది.

నేను స్కోరు పుస్తకం తెరిచి మొదటి గడి నింపాను. ఆటలో మొదటి బ్యాటర్ అతనే. మార్టిన్ పెరెజ్ వేసిన బంతిని కుడి వైపుకు కొట్టి రెండో బేస్ చేరుకున్నాడు. నువ్వు లేచి చప్పట్లు కొట్టావు, మన ముందు వరసలోని పసుపు చొక్కాయన వెనక్కి తిరిగి నిన్నో చూపు చూశాడు. ఇంకో నిమిషానికల్లా అతను మూడో బేస్ వైపు పరుగందుకోబోయి, మనసు మార్చుకుని వెనక్కి తిరగబోయాడు. ఎవరూ తగలలేదు, ఎవరూ తోయలేదు. ఎడమ మోకాలు తనంతట తనే మడతపడినట్టు కూలిపోయాడు. ఊరు ఊరంతా ఎదుటి జట్టువాడి కోసం నిశ్శబ్దమైపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ నిశ్శబ్దంలో నేను చేసిన పని ఏమిటంటే, ఈ గడిలో ఏ గుర్తు వేయాలని పెన్సిలు పట్టుకుని ఆలోచించడం. నువ్వు చేసిన పని, ఫోను తీసి, ఖాళీగా ఉన్న ఔట్‌ఫీల్డర్ల జాబితా వెతకడం. ఇంకెవరైనా ముందే తీసుకెళ్ళిపోతారని నీ కంగారు. అప్పుడు మీ అమ్మ పులిహోర డబ్బా మూత గట్టిగా మూసి, ఆ పిల్లాడి తల్లి ఎక్కడో టీవీలో ఇది చూస్తుంటుంది, మీరిద్దరూ మనుషులేనా అంది. అకూన్యా కొంతసేపటికి లేచి మెల్లగా తన కాళ్ళ మీదే నడిచి వెళ్ళాడు. పెద్ద దెబ్బ కాదేమోనని మనమిద్దరం ఒకరికొకరం చెప్పుకున్నాం. మీ అమ్మ నమ్మలేదు. మోకాలి స్నాయువు పూర్తిగా తెగిందని ఆ రాత్రి తెలిసింది. 2021లో కుడి మోకాలికి జరిగిందే ఇప్పుడు ఎడమకు జరిగింది.

అట్లాంటా 8-1తో గెలిచింది. ఐదో ఇన్నింగ్స్ మధ్యలో పియెరోగీ అనే పిండివంట వేషాలు కట్టుకున్నవాళ్ళు పరుగు పందెం పెట్టుకున్నప్పుడు మాత్రం మీ అమ్మ కొంచెం మెత్తబడి, కజ్జికాయలకు కాళ్ళొచ్చాయని నవ్వింది. అకూన్యా ఆ సీజన్‌లో మొత్తం 49 ఆటలు ఆడాడు, మనం పెట్టింది 49 డాలర్లు. ఆటకు డాలరు చొప్పున పడిందని ఇంటికొచ్చాక నేనంటే నువ్వు ఫక్కున నవ్వావు, మీ అమ్మ ఇద్దరికీ ఆ రాత్రి చారన్నమే పెట్టింది. స్కోరు పుస్తకంలోని ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

మూడో వంతు పెట్టుబడి మే నెలాఖరుకే మునిగిన జట్టును సెప్టెంబరు దాకా పోటీలో నిలబెట్టింది నువ్వే. వేలంలో ఎవరూ పిలవని జురిక్సన్ ప్రొఫార్‌ను తీసుకోమని చెప్పింది నేనని పదిమందికీ చెప్పుకుంటున్నాను, ఆ ఒక్క పద్దు నాకు వదిలెయ్. శాన్ డియేగో వాళ్ళు పది లక్షల డాలర్లకే పెట్టుకున్న మనిషి 24 హోమ్ రన్లు కొట్టాడు. చికాగో వైట్ సాక్స్ పిచర్లనెవరినీ ముట్టుకోకపోవడం నీ నిర్ణయం. 121 ఆటలు ఓడిపోయిన జట్టులో ఎంత గొప్పగా వేసినా విజయం వాడి ఖాతాలో పడదు కదా. అట్లాంటా పిచర్ క్రిస్ సేల్‌కు 9 డాలర్లు పెట్టడం కూడా నీ పనే. 35 నిండబోతున్నవాడు, నాలుగైదేళ్ళుగా ఏదో ఒక దెబ్బతో ఇంట్లో కూర్చున్నవాడు, వాడెందుకని నేను సణిగాను. వాడు 18 ఆటలు గెలిచి, 225 స్ట్రైకౌట్లు చేశాడు.

లీగ్ రుసుము తలకు 50 డాలర్లని నువ్వే చెప్పావు. అది నాకు సమ్మతమే, స్నేహితులు కలిసి భోజనానికి వెళ్ళినా అంతకంటే ఎక్కువవుతుంది. నా ప్రశ్న దాని గురించి కాదు, అసలు నేను ప్రశ్నే అడగడం లేదు. అయితే మీ ఇంట్లో టీవీ ముందు కూర్చున్న ఆ నాలుగు నెలల్లో, ప్రతి ఇన్నింగ్స్ విరామంలోనూ పందాల యాప్‌ల ప్రకటనలు ఎన్నిసార్లు వచ్చాయో ఒక రోజు వేళ్ళ మీద లెక్కపెట్టి, వేళ్ళు చాలక మానేశాను. మీ పెన్సిల్వేనియాలో అది చట్టసమ్మతమేనని నాకు తెలుసు. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2020లో నిషేధించారు, తెలంగాణలో 2017లోనే నిషేధించారు. చట్టం ఒప్పుకోవడం వేరు, ఇల్లు తట్టుకోవడం వేరు. ఈ సీజన్ మొదలైనదే ఆ వార్తతో కదా. సోల్‌లో మొదటి ఆట జరిగిన గంటల్లోనే, డాడ్జర్స్ జట్టులోని జపాన్ ఆటగాడు ఓహ్తానికి దుబాసీగా ఉన్న మిజుహారాను ఉద్యోగంలోంచి తీసేశారు. పక్కనే కూర్చుని, అన్నం తిని, మాటకు మాట తర్జుమా చేసిన మనిషి, తన పందాల బాకీ తీర్చడానికి ఓహ్తాని ఖాతాలోంచి దాదాపు 1 కోటి 70 లక్షల డాలర్లు తీశానని జూన్‌లో కోర్టులో ఒప్పుకున్నాడు. అతనూ మొదట చిన్న మొత్తంతోనే మొదలుపెట్టి ఉంటాడు. మన పెదపూడి చేను సంగతి వేరే చెప్పనక్కరలేదు. మీ చిన్నతాత కూడా పండగ మూడు రోజులే అనేవాడు.

చూశావా, ఉపన్యాసం ఇవ్వనని మీ అమ్మకు మాట ఇచ్చి కూర్చున్నాను. ఆమె తులసికోట దగ్గర దీపం పెట్టి వచ్చి, ఈ కాగితం నా భుజం మీంచి చదివి, ఏమీ అనకుండా కాఫీ గ్లాసు కొంచెం చప్పుడు చేస్తూ పెట్టి వెళ్ళింది. అసలు ఈ ఆట పుట్టిందే స్నేహితుల మధ్య. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే ఆయన, న్యూయార్క్‌లో రోటిస్సరీ అనే పేరున్న భోజనశాలలో మిత్రులతో కలిసి మొదలుపెట్టాడు, అందుకే మన పద్ధతి లీగ్‌ను ఇప్పటికీ రోటో అంటారు. అంత చేసినాయన తన ఆటలో తాను ఒక్కసారి కూడా నెగ్గలేదట. ఇది నిన్ను ఓదార్చడానికి చెప్పడం లేదు, నీకు ఓదార్పు అవసరమో కాదో కూడా నాకు తెలియదు. తెలియజేస్తే తెలుస్తుంది.

ఆగస్టు ఆఖరున మేము తిరిగి వచ్చిన కొద్ది రోజులకే బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. పెద్దత్తవాళ్ళు రెండు రోజులు డాబా మీదే ఉన్నారు. ఆ రెండు రోజులూ నువ్వు గంటకోసారి ఫోను చేసి, పడవ వచ్చిందా, పాలు అందాయా అని కనుక్కున్నావు. అందుకే నువ్వు పలకరించని మనిషివని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వరద తగ్గాక మన పని మళ్ళీ మొదలైంది. మీకు సాయంత్రం 6.40కి మొదలయ్యే ఆట మాకు తెల్లవారుజామున 4.10. బ్రహ్మముహూర్తంలో లేచి ఫోను తెరిచి కూర్చున్న నన్ను చూసి, ధ్యానం చేసుకుంటున్నాననుకుని మేడ మీది మాస్టారు కొన్నాళ్ళు నన్ను చాలా గౌరవించారు. ఓహ్తాని సెప్టెంబరు 19న మయామీలో ఒక్క ఆటలోనే మూడు హోమ్ రన్లు, రెండు స్టీళ్ళు, 10 ఆర్‌బీఐలు చేసి, సీజన్‌లో 50 హోమ్ రన్లు, 50 స్టీళ్ళు దాటిన రోజున, అతను మీ పొడుగాటాయన జట్టులో ఉన్నాడని తెలిసి కూడా ఇద్దరం ఫోనులో గావుకేకలు పెట్టుకున్నాం. మనం చివరిసారి అంతసేపు మాట్లాడుకున్నది ఆ రోజే.

ఇక ఆ రెండో పద్దు.

హెలీన్ తుపాను వల్ల ఆగిపోయిన అట్లాంటా, న్యూయార్క్ మెట్స్ ఆటలు రెండూ సెప్టెంబరు 30న, అందరి సీజన్ అయిపోయిన మరునాడు, ఒకే రోజు పెట్టారు. మన లీగ్ నియమం ప్రకారం అవి కూడా లెక్కలోకి వస్తాయి. స్ట్రైకౌట్లలో మనం పొడుగాటాయన కంటే నాలుగే తక్కువ. నాలుగు వచ్చి సమానమైనా, ఆ విభాగం పంచుకోగా మనకు 92, ఆయనకు 91.5. రెండో ఆటకు మన సేల్ రావాలి. 29 ఆటల్లో 225 స్ట్రైకౌట్లు చేసినవాడికి నాలుగు ఎంత? నాకు అర్ధరాత్రి దాటింది. మీ అమ్మ రెండుసార్లు లేచి దీపం ఆర్పమంది. రెండు గంటలు దాటాక, సేల్‌కు నడుము పట్టేసిందనీ, అతను ఆడటం లేదనీ తెలిసింది.

ఆ క్షణంలో నేను నీకు పంపిన మెసేజ్ ఇప్పుడు మళ్ళీ తెరిచి చదివాను. "ఒక్కడి మీదే ఆధారపడవద్దని మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను కదా అమ్మలూ" అని రాశాను. దానికి నీ జవాబు "సరే నాన్నా". ఆ తర్వాత దీపావళికి పంపిన దీపం బొమ్మ తప్ప నీ నుంచి అక్షరం లేదు.

ఆడిటరు తన సంతకం తానే తనిఖీ చేసుకోవలసిన పద్దు ఇది. వేలంలో నువ్వు 3 డాలర్లకు పాల్ స్కీన్స్‌ను కొని రిజర్వులో పెట్టుకున్నావు. పెద్ద లీగ్‌లో ఇంకా ఒక్క బంతి కూడా వేయని కుర్రవాడు, కానీ నీ ఊరి జట్టువాడు, వస్తాడని నీ నమ్మకం. ఏప్రిల్‌లో స్ట్రైడర్ పోయాక ఆ చోటులో ఇప్పుడు ఆడుతున్నవాణ్ణి పెట్టుకోమని పోరుపెట్టినవాణ్ణి నేను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాను. ఆ సామెత మీ అమ్మ ముందూ, నీ స్నేహితురాళ్ళ ముందూ మళ్ళీ మళ్ళీ అన్నాను, అన్నప్పుడల్లా నవ్వాను కూడా. నువ్వు స్కీన్స్‌ను వదిలేశావు. మర్నాడే పొడుగాటాయన తీసుకున్నాడు. మే 11న స్కీన్స్ మీ ఊళ్ళోనే మొదటి ఆట వేసినప్పుడు, టీవీ ముందు మనం ముగ్గురం కూర్చున్నాం. గంటకు వంద మైళ్ళ వేగంతో ఏడుగుర్ని స్ట్రైకౌట్ చేశాడు. నువ్వు ఒక్క మాట అనలేదు. నేను కూడా ఏమీ అనకుండా, కాఫీలో చక్కెర తక్కువైందన్నాను. వాడు సీజన్ ముగిసేసరికి 1.96 ఈఆర్ఏతో, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున రెండు పరుగులు కూడా ఇవ్వకుండా, 170 స్ట్రైకౌట్లు చేశాడు. ఆ 170 పొడుగాటాయన ఖాతాలో ఉన్నాయి. మనకు తక్కువైనవి నాలుగు.

ఆ తెల్లవారుజామున నాకు ఇదేదీ గుర్తుకు రాలేదు. కాగితం మీద పెట్టి కూడితే గాని తెలియలేదు. కాబట్టి నలభై రోజులు ఆలస్యంగా, ఆ మెసేజ్‌ను వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు మౌనంగా ఉన్నది దాని వల్లనేనా అని అడగను. దాని వల్ల కాకపోతే ఇంకా కంగారు పడతాను, అది వేరే సంగతి. డబ్బు పోయి ఉంటే పోయిన మొత్తం ఎంతో ఒక్క వరుసలో రాయి. ఎంతైనా సరే, చేనుకు మించింది కాదు కదా. చిట్టిబాబు అన్నది అబద్ధమైతే అది కూడా ఒక్క వరుసలో రాయి, మీ అమ్మ రాజమండ్రికి ఫోను చేసి ఆనందంగా దులిపేస్తుంది.

దీపావళి నాడు, అంటే మీకు ఇంకా 30వ తేదీ రాత్రి, వరల్డ్ సిరీస్ ఐదో ఆట నడుస్తోంది. మీ అమ్మ నువ్వుల నూనె గిన్నె పట్టుకుని తలంటికి పిలుస్తూనే ఉంది, నేను ఫోను వదలలేదు. జడ్జ్ ఆడే యాంకీస్ 5-0తో ముందున్నారు. ఐదో ఇన్నింగ్స్‌లో చేతిలోకి వచ్చిన తేలిక బంతిని జడ్జ్ జారవిడిచాడు. సీజనంతా మనల్ని మోసిన మన జడ్జ్. ఆ తర్వాత పిచర్ కోల్ మొదటి బేస్ దగ్గరికి వెళ్ళడం మరిచిపోయాడు, అయిదుకు అయిదు సమానమైపోయి, చివరికి డాడ్జర్స్ 7-6తో గెలిచి కప్పు పట్టుకుపోయారు. బంతి జారిన ఆ క్షణాన నా ఫోను మోగుతుందని ఎదురుచూశాను. మోగలేదు. తల నిండా నూనెతో చాలాసేపు అలాగే కూర్చున్నాను. నువ్వు కూడా అక్కడ చూస్తూనే ఉన్నావని నాకు తెలుసు, నీ పేరు కింద ఆన్‌లైన్ అనే మాట వెలుగుతూనే ఉంది. నేను బాక్స్ స్కోరు చూసినట్టు మీ అమ్మ ఈ మధ్య దాన్నే చూస్తోంది. నిన్న రాత్రి 11.40కి పడుకున్నావట, మొన్న ఒంటిగంట దాటిందట. ఇంత ఆలస్యం ఏమిటని నన్నడుగుతుంది, నేనేం చెప్పను?

పార్సెల్‌లో గొట్టం కాజా రెండు కిలోలు, కందిపొడి, పండుమిరపకాయ పచ్చడి పెట్టింది. పచ్చడి సీసాకు మూడు కవర్లు చుట్టాను, తెరిచేటప్పుడు మంచి చొక్కా వేసుకోకు. కాజాల్లో సగం ఆఫీసుకు తీసుకెళ్ళి ఆ పొడుగాటాయనకు ముందు పెట్టు, జట్టు పేరు ఏమిటో ఆయనకు అప్పుడు తెలుస్తుంది. మంచు పడకముందే బూట్లు కొనుక్కో, పోయినేటివి మడమ దగ్గర విచ్చుకుపోయాయని నేనే చూశాను. ఫ్లూ టీకా వేయించుకున్నావో లేదో రాయి. మీ గడియారాలు 3వ తేదీన వెనక్కి తిప్పారు కాబట్టి ఇప్పుడు మనకు తేడా పదిన్నర గంటలు. నువ్వు ఆఫీసు నుంచి వచ్చి ఆరున్నరకు చేస్తే మాకు తెల్లవారి అయిదు. కార్తీకమాసం కనుక మీ అమ్మ అప్పటికే స్నానం చేసి ఉంటుంది, నేను ఆటలు లేకపోయినా నాలుగింటికే లేస్తున్నాను. ఈ శుక్రవారం పౌర్ణమి, ఆ రోజు మాత్రం గుడికి వెళతాం, గురువారమో శనివారమో చెయ్.

వచ్చే మార్చి వేలానికి నేను ఇక్కడి నుంచే కూర్చుంటాను. నువ్వు ఎవరిని కొన్నా నోరు మెదపను. స్కీన్స్ ధర ఈసారి 30 దాటుతుందని నా అంచనా, అయినా కొందామంటే కొను. అకూన్యా మోకాలు ఎలా ఉందో తెలిస్తే మీ అమ్మకు చెప్పు, అడుగుతూ ఉంటుంది.

ఇట్లు,
నాన్న